గల్లాపెట్టె చెప్పని లెక్క

నిజామాబాదు శ్రద్ధానంద గంజ్‌లో పసుపు కొమ్ముల బస్తాలు దిగే రోజులలో పట్టణంలోని బట్టల దుకాణాలకు కూడా కళ వస్తుంది. పసుపు అమ్ముకున్న రైతు ఉత్త చేతులతో ఇంటికి పోడు గదా! కూతురికి చీర, మనుమడికి చొక్కా, ఇంటిల్లిపాదికీ చక్కెర, చాయపత్తా, నూనె, అన్నీ కొనుక్కునే బయలుదేరుతాడు. ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో వున్న బోధనులో ఒకప్పుడు ఈ పని చెరుకు చేసేది. చెరుకు ఫ్యాక్టరీకి చేరి, రైతు చేతికి బిల్లు సొమ్ము అందితే దుకాణాలలో గల్లాపెట్టెలు గలగలలాడేవి.

అయితే గల్లాపెట్టె గలగలలాడినంత మాత్రాన లాభం వచ్చిందని చెప్పలేము. ఆ సంగతి దుకాణదారుకు తెలుసు. అతని భార్యకు ఇంకా బాగా తెలుసు. నెలాఖరున "ఇంతకూ ఏం మిగిలింది?" అని ఆమె అడిగే ప్రశ్నకు రెండు విధాలుగా సమాధానం చెప్పవచ్చు. రెండింటి చివరా వచ్చే అంకె ఒక్కటే. దారులు మాత్రం వేరు. ఒక దారిన పోతే గడిచిన నెల సంగతి తెలుస్తుంది. రెండవ దారిన పోతే రాబోయే నెల సంగతి కూడా కొంత తెలుస్తుంది. కామర్సు చదివే పిల్లలు మొదటిదాన్ని సాంప్రదాయిక లాభనష్టాల పట్టిక అనీ, రెండవదాన్ని కాంట్రిబ్యూషన్ పట్టిక అనీ అంటారు. పేర్లు చూసి బెదరవలసిన పని లేదు. కూడికలు, తీసివేతలు వచ్చిన ఇల్లాలికెవరికైనా ఇవి అర్థమవుతవి.

ఒకే సొమ్ముకు రెండు లెక్కలు చూసుకోవటం ఈ ప్రాంతానికి కొత్త కూడా కాదు. హైదరాబాదు సంస్థానంలో నిజాం హాలీ సిక్కా చెలామణీలో వున్న కాలంలో, బయటి రాష్ట్రాల సరుకు తెప్పించుకునే వర్తకుడు హాలీ రూపాయలలోనూ, కల్దారు రూపాయలలోనూ లెక్క కట్టుకునేవాడు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఆస్తి అదే, అంకెలు వేరు. 1950లలో హాలీ సిక్కా తెరమరుగైన తరువాత ఆ బాధ తప్పింది. మనం చెప్పుకోబోయే రెండు లెక్కలలో అంత తిరకాసు కూడా లేదు.

చెరుకు తెచ్చిన బజారు

మంజీరా నదికి అడ్డంగా నిజాంసాగరం కట్టటం 1923లో మొదలై 1931లో ముగిసింది. కాలువల కింద నీరు పారేసరికి బోధను, వర్ని, కోటగిరి వైపు భూముల రూపే మారిపోయింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతు కుటుంబాలు భూములు కొని స్థిరపడ్డవి. వారి ఊళ్లను ఈ నాటికీ క్యాంపులనే అంటారు. 1937లో బోధను శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోకెల్లా పెద్దదని ఒకప్పుడు పేరు పొందిన ఫ్యాక్టరీ అది. దాని చుట్టూ కాలనీ, కాలనీ చుట్టూ బజారు. ఫ్యాక్టరీ ఉద్యోగి నెల జీతం మీదా, చెరుకు రైతు బిల్లు మీదా ఆధారపడి కిరాణా దుకాణాలు, బట్టల దుకాణాలు, వెండి బంగారాల దుకాణాలు పుట్టినవి. 2002లో ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధను యూనిట్‌తో బాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు కూడా మూతబడినవి. తిరిగి తెరిచే విషయం పరిశీలించటానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది.

ఫ్యాక్టరీ మూతబడితే వార్తాపత్రికలు కార్మికుల గురించీ, రైతుల గురించీ వ్రాస్తవి. వ్రాయవలసిందే. ఆ ఫ్యాక్టరీని నమ్ముకున్న దుకాణదారు గురించి ఎవరూ వ్రాయరు. గిరాకీ తగ్గుతుంది, మడిగె కిరాయి తగ్గదు. దుకాణం వుంచాలా, తీసెయ్యాలా? వుంచితే ఏ సరుకు వుంచాలి, ఏది తీసెయ్యాలి? సరిగ్గా ఇటువంటి సమయంలోనే ఏ లెక్క చూసుకున్నామన్నది ఒక కుటుంబం బ్రతుకుతెరువుకు సంబంధించిన విషయమవుతుంది.

ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. బోధనులో ఒక మడిగె. అందులో సగం కిరాణా, సగం బట్టలు. ఇద్దరు గుమాస్తాలు, ఒక్కొక్కరికి నెలకు 15,000 రూపాయలు జీతం. సీజనులో ఒక నెల అమ్మకం ఆరు లక్షలు. పన్నుల సంగతి పక్కన పెడదాం. ఈ అంకెలు లెక్క తేలిక కోసం నేను వేసుకున్నవే గాని, ఎవరి దుకాణానివీ కావు.

మొదటి పద్ధతి

అమ్మకాలు: రూ. 6,00,000
అమ్మిన సరుకు కొన్న ఖరీదు: రూ. 4,80,000
స్థూల లాభం: రూ. 1,20,000
ఖర్చులు (కిరాయి 20,000, జీతాలు 30,000, కరెంటు, ఫోను 6,000, భీమా, లైసెన్సు, లెక్కలు వ్రాసినందుకు 4,000, హమాలీ, సంచులు, ఆటో 18,000, అమ్మినందుకు గుమాస్తాల కమీషను 12,000, ఉద్దెరలో మునిగినది 6,000): రూ. 96,000
నికర లాభం: రూ. 24,000

ఇది మనవాళ్లు తరతరాలుగా వ్రాస్తున్న పద్ధతే. కొన్నది ఒక పక్క, అమ్మింది ఒక పక్క, మధ్యలో మిగిలిన దానిలో నుంచి దుకాణం ఖర్చులు తీసివేత. ఇందులో తప్పేమీ లేదు. బ్యాంకువారు చూసేది ఇదే, పన్నులవారు చూసేది ఇదే. ఇటలీలో లూకా పచియోలీ అనే సన్యాసి 1494లో అచ్చు వేయించిన గణిత గ్రంథంలో వెనీసు వర్తకుల జమాఖర్చుల విధానాన్ని వివరించాడు. నేటి లాభనష్టాల ఖాతాకు వేళ్లు అక్కడే వున్నవి.

ఇక్కడ ఒక్కటే చిక్కు. ఆ 96,000లో రెండు జాతుల ఖర్చులు కలిసిపోయినవి. మడిగె కిరాయి ఒక చీర అమ్మినా అంతే, వంద చీరలు అమ్మినా అంతే. హమాలీ కూలి అటువంటిది కాదు. బస్తా దిగితేనే కూలి. బస్తా దిగకపోతే హమాలీకి ఇచ్చే పని లేదు. ఇంట్లోనూ ఇంతే గదా! ఇంటి కిరాయి, పిల్లల బడి ఫీజు ఒక రకం. బియ్యం, పాలు ఒక రకం. చుట్టాలు పదిమంది దిగితే బియ్యం పెరుగుతవి, ఇంటి కిరాయి పెరగదు. ఈ భేదం ఏ ఇల్లాలికీ ఎవరూ నేర్పనక్కర లేదు. దుకాణం పట్టికలో మాత్రం దాన్ని మరిచిపోతున్నాము.

రెండవ పద్ధతి

అమ్మకాలు: రూ. 6,00,000
అమ్మకంతో బాటు పెరిగి తగ్గే ఖర్చులు (సరుకు ఖరీదు 4,80,000, హమాలీ, సంచులు, ఆటో 18,000, కమీషను 12,000, ఉద్దెరలో మునిగినది 6,000): రూ. 5,16,000
కాంట్రిబ్యూషన్: రూ. 84,000
అమ్మినా అమ్మకపోయినా తప్పని ఖర్చులు (కిరాయి, జీతాలు, కరెంటు, భీమా మొదలైనవి): రూ. 60,000
నికర లాభం: రూ. 24,000

చివర అంకె మారలేదు. మారింది నడుమ వున్న అంకె. మొదటి పట్టికలో 1,20,000 వున్న చోట ఇక్కడ 84,000 వున్నది. దీన్నే కాంట్రిబ్యూషన్ అంటారు. మనం మిగులు అనుకుందాం. కిరాయి, జీతాల వంటి కదలని బరువును మోయటానికి అమ్మకం అందించే చేయూత అది. ఆ బరువు తీరగా ఏమైనా వుంటే లాభం, చాలకపోతే నష్టం. నూరు రూపాయల అమ్మకం మీద ఈ దుకాణానికి పడే మిగులు 14 రూపాయలు. ఈ పద్నాలుగును గుర్తు పెట్టుకుంటే చాలు, మిగతా కథంతా దాని నుంచే వస్తుంది.

గిరాకీ తగ్గిన నెల

సీజను అయిపోయింది. వచ్చే నెల అమ్మకం నాలుగు లక్షలే అవుతుందని దుకాణదారు అంచనా. ఏం మిగులుతుంది?

మొదటి పట్టిక ఒక్కటే చేతిలో వుంటే అతను రెండు విధాలుగా ఊహిస్తాడు. "ఆరు లక్షలకు 96,000 ఖర్చయింది, అంటే నూటికి 16. నాలుగు లక్షలకు 64,000 అవుతుంది. స్థూల లాభం 80,000. కనుక 16,000 మిగులుతుంది" అనుకుంటే ఒకటి. కొంచెం భయస్థుడైతే, "ఖర్చు ఎక్కడికి తగ్గుతుంది? 96,000 వుండనే వుంటుంది. 16,000 మునుగుతాము" అనుకుంటాడు. ఒకరు పదహారు వేలు లాభమంటారు, మరొకరు పదహారు వేలు నష్టమంటారు. పట్టిక ఇద్దరికీ అడ్డు చెప్పదు.

రెండవ పట్టిక చూడండి. నాలుగు లక్షల మీద నూటికి 14 చొప్పున మిగులు 56,000. తప్పని ఖర్చు 60,000. నష్టం 4,000. అంతే. లాభమూ నష్టమూ లేకుండా సరిపోవాలంటే ఎంత అమ్మాలి? 60,000ను 14తో భాగించి నూటితో గుణిస్తే సుమారు 4,28,600 రూపాయలు. ఆ గీత దాటిన తరువాత అమ్మే ప్రతి నూరు రూపాయలలోనూ పద్నాలుగు ఇంట్లోకి వస్తుంది.

"నాలుగు వేలు నష్టమైతే ఆ నెల దుకాణం మూసుకుంటేనే మేలు గదా" అని కొందరు తొందరపడతారు. మూసుకుంటే కిరాయి ఎవరిస్తారు? గుమాస్తాలకు జీతం ఎవరిస్తారు? మూసుకున్న నెలలో నష్టం 60,000. తెరిచి వుంచితే 4,000. దుకాణం నడిచినందుకే ఆ 56,000 వచ్చింది. పుట్టింటికి పోయినన్నాళ్లూ ఇంటి కిరాయి మాఫీ అవుతుందని ఏ ఇల్లాలూ అనుకోదు.

కిరాణా తీసెయ్యాలా?

ఇప్పుడు అసలు చిక్కు. దుకాణంలో రెండు భాగాలున్నవి గదా. వేరు చేసి చూద్దామని దుకాణదారు కూర్చున్నాడు. సీజను నెలలో కిరాణా అమ్మకం 4,00,000, స్థూల లాభం 48,000. బట్టల అమ్మకం 2,00,000, స్థూల లాభం 72,000. చక్కెర, పప్పు మీద ఏముంటుంది? నూటికి పన్నెండు వుంటే గొప్ప. బట్టల మీద ముప్ఫయి ఆరు పడుతున్నది.

హమాలీ, ఆటో, సంచులు కిరాణాకు 14,000, బట్టలకు 4,000. కమీషను పన్నెండు వేలూ బట్టలదే. ఉప్పు పొట్లం కట్టినందుకు ఎవరూ కమీషను ఇవ్వరు. ఉద్దెరలో మునిగినది కిరాణాలో 1,000, బట్టలలో 5,000. ఇక మిగిలిన 60,000ను ఎట్లా పంచాలి? అమ్మకాన్ని బట్టి పంచటం వాడుక. కిరాణా మీద 40,000, బట్టల మీద 20,000 వేశాడు. తేలినదేమిటంటే, కిరాణాకు 7,000 నష్టం, బట్టలకు 31,000 లాభం.

ఈ కాగితం చూసిన తండ్రికీ, డిచ్‌పల్లి తెలంగాణ విశ్వవిద్యాలయం కింద బి.కాం. చదివిన కొడుకుకూ మధ్య సంభాషణ ఈ విధంగా నడవవచ్చు:

"కిరాణా తీసేద్దాం రా. నెలకు ఏడు వేలు మునుగుతున్నం."

"తీసేస్తే కిరాయి తగ్గుతదా, బాపూ?"

"ఎట్ల తగ్గుతది? మడిగె ఒక్కటేనాయె."

"కరెంటు?"

"పంకాలు అవే, బల్బులు అవే."

"లెక్కలు రాసేటాయన?"

"ఆయనకు రెండు ఖాతాలైనా అంతే, ఒక్క ఖాతా అయినా అంతే."

"మరి కిరాణా నెత్తిన ఏసిన నలభై వేలు ఎటు పోతయి, బాపూ?"

తండ్రి కాసేపు మాట్లాడడు. ఆ నలభై వేలూ ఎక్కడికీ పోవు. బట్టల నెత్తిన కూర్చుంటవి.

మిగులు లెక్క వేస్తే సంగతి తేటతెల్లమవుతుంది. కిరాణా మిగులు 33,000. బట్టల మిగులు 51,000. రెండూ కలిస్తే 84,000. కిరాణా తీసేస్తే 33,000 పోతుంది, తప్పని ఖర్చు మాత్రం 60,000 అట్లాగే వుంటుంది. బట్టల మిగులు 51,000 దానికి చాలదు. లాభం 24,000 వచ్చే దుకాణానికి 9,000 నష్టం వస్తుంది. ఒక గుమాస్తాను మానిపిస్తే 15,000 తగ్గుతుంది గదా అంటారా? అప్పుడు కూడా మిగిలేది 6,000. ఇరవై నాలుగు వేలకు బదులు ఆరు వేలు! పైగా చక్కెర కోసం వచ్చిన ఇల్లాలే పక్కన వేలాడే చీర చూసి ఆగేది. చక్కెర లేకపోతే ఆమె ఆ వీధి ముఖం చూస్తుందా?

ఏడు వేల నష్టం అన్నది ఎక్కడ పుట్టింది? బజారులో పుట్టలేదు, కాగితం మీద పుట్టింది. కిరాయిని అమ్మకం ప్రకారం కాక, మడిగెలో ఆక్రమించిన చోటు ప్రకారం పంచితే అంకెలు మారిపోతవి. అదే దుకాణం, అదే సరుకు, అదే గిరాకీ. పంపకం మారితే నష్టం లాభమవుతుంది, లాభం నష్టమవుతుంది. పంపకం మీద ఆధారపడి దుకాణంలో సగాన్ని తీసివేయటం నాకు మాత్రం సాహసంగానే కనిపిస్తుంది.

కాని కిరాణా ఎన్నడూ తీసివేయకూడదని ఈ లెక్క చెప్పటం లేదు. ఎవరైనా వచ్చి, "ఆ సగం నాకివ్వండి, నెలకు 20,000 కిరాయి ఇస్తాను" అన్నారనుకోండి. ఒక గుమాస్తా జీతం 15,000 కూడా తగ్గుతుంది. రెండూ కలిసి 35,000. పోయే మిగులు 33,000. అప్పుడు తీసివేయటమే రెండు వేలు మేలు. ఆ మాటకొస్తే, ఆ రెండు వేల కోసం చక్కెరతో బాటు చీర గిరాకీని కూడా వదులుకోవచ్చునా అన్నది అంకెలతో తేలే సంగతి కాదు. దుకాణంలో కూర్చున్న మనిషికే తెలుస్తుంది.

పెళ్లి చక్కెర

ఒక పెళ్లివారు వచ్చి, "ఇరవై క్వింటాళ్లు చక్కెర కావాలి, క్వింటాలు 4,150 చొప్పున ఇస్తాము" అన్నారు. దుకాణదారుకు కొన్న ధర 4,000. మధ్యలో 150. నూటికి నాలుగు కూడా లేదు. "నా ఖర్చులే నూటికి పదహారు. ఈ బేరం నష్టం" అని మొదటి పట్టిక చూసిన మనిషి చేతులు జోడిస్తాడు. నిజానికి ఈ బేరానికి అదనంగా అయ్యేది హమాలీ, ఆటో కలిపి క్వింటాలుకు 60 రూపాయలు. ఆ బస్తాల కోసం కిరాయి పెరగదు, పంకా ఎక్కువ తిరగదు. క్వింటాలుకు 90 మిగులు, ఇరవై క్వింటాళ్లకు 1,800 రూపాయలు. నగదు బేరమైతే కాదనవలసిన పని లేదు.

ఇదే ధర రోజూ వచ్చే గిరాకీకి కూడా తెలిసిపోయి, "నాకూ అదే ధరకు ఇవ్వు" అని ప్రతివారూ పట్టుబడితే? అక్కడ ఈ లెక్క బోల్తాపడుతుంది. దుకాణం మొత్తం నూటికి రెండు మిగులు మీద నడిస్తే 60,000 బరువు మోయటానికి ముప్ఫయి లక్షల చక్కెర అమ్మాలి. అంచేత ఒక బేరానికి మంచిదైన ధర దుకాణానికి మంచిది కాకపోవచ్చు. కాంట్రిబ్యూషన్ లెక్క కొత్తగా నేర్చిన కుర్రవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. ఏ బేరం వచ్చినా "మిగులు వున్నది గదా" అని ఒప్పుకుంటూ పోతారు. చివరకు కిరాయి ఎవరూ చెల్లించరు. ఉద్దెర బేరమైతే చెప్పనే అక్కర లేదు. పెళ్లి అయి, పిల్లవాడు పుట్టిన తరువాత కూడా చక్కెర డబ్బు రాకపోవచ్చు.

ఫ్యాక్టరీలో ఈ కథ వేరు

రెండు పద్ధతులలోనూ చివర లాభం ఒకటే వస్తుందని చెప్పాను. దుకాణం విషయంలో అది నిజం. ఫ్యాక్టరీ విషయంలో ఎప్పుడూ నిజం కాదు. బోధను వంటి చోట ఈ భేదం తెలుసుకోదగ్గది.

చక్కెర మిల్లు ఏడాదంతా చెరుకు ఆడదు. నాలుగైదు నెలలు ఆడి, తయారైన చక్కెరను గోదాములో పెట్టుకుని తరువాత తీరికగా అమ్ముతుంది. ఒక నెలలో మిల్లుకు యంత్రాల మీద, నెల జీతాల మీద తప్పని ఖర్చు 1,000 రూపాయలు అనుకోండి. వంద బస్తాలు చేసింది, నలభై అమ్మింది. సాంప్రదాయిక పద్ధతిలో ఒక్కొక్క బస్తా నెత్తిన పది రూపాయల ఖర్చు ఎక్కుతుంది. అమ్మిన నలభై బస్తాలతో 400 మాత్రమే ఆ నెల లెక్కలోకి వస్తుంది. మిగిలిన 600 గోదాములో అరవై బస్తాలతో బాటు సరుకు విలువగా దాక్కుంటుంది. ఖర్చయింది వెయ్యి, పట్టికలో కనిపించేది నాలుగు వందలు. బస్తాలు ఎన్ని ఎక్కువ చేసి గోదాములో పేరిస్తే ఆ నెల లాభం అంత ముద్దుగా కనిపిస్తుంది. తరువాత నెలలో గోదాము ఖాళీ చేసి ఎక్కువ అమ్మితే, వెనకటి ఖర్చు కూడా వచ్చి మీద పడి, అమ్మకం పెరిగినా లాభం తగ్గినట్లు కనిపించవచ్చు.

అమెరికాలో జొనాథన్ హారిస్ అనే లెక్కల అధికారి సరిగ్గా ఈ విషయం మీదనే 1936 జనవరిలో ఒక వ్యాసం వ్రాశాడు. "పోయిన నెల మనం ఏం సంపాదించాము?" అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. మన దుకాణదారు భార్య ప్రశ్నే! అమ్మకాలు పెరిగిన నెలలో లాభం ఎందుకు తగ్గిందన్న పేచీకి సమాధానంగా, తప్పని ఖర్చును సరుకు మీద రుద్దకుండా ఏ నెలది ఆ నెలలోనే తీసివేయాలని వాదించాడు. ఈ వాదం దేశదేశాలకూ ప్రాకింది. బోధనులో ఫ్యాక్టరీ పుట్టింది మరుసటి సంవత్సరమే.

మరి దుకాణంలో ఈ గొడవ ఎందుకు లేదు? దుకాణదారు చక్కెర తయారు చేయడు. బస్తా కొన్న ధరే బస్తా విలువ. మడిగె కిరాయిని బస్తా మీద ఎవరూ ఎక్కించరు. మిగిలిపోయిన సరుకులో ఏ పాత ఖర్చూ దాక్కోదు. అందుకనే రెండు పట్టికలూ ఒకే గట్టుకు చేరుతవి. వ్యాపారి అదృష్టవంతుడనే చెప్పాలి.

అయినా బయటివారికి చూపించే లెక్కలలో కాంట్రిబ్యూషన్ పద్ధతి చెల్లదు. మిల్లులు తమ సరుకు విలువలో తయారీ తాలూకు స్థిర ఖర్చు కూడా చేర్చాలని మన దేశపు అకౌంటింగు ప్రమాణాలు చెబుతున్నవి. కంపెనీలకు 2013 కంపెనీల చట్టం నిర్ణయించిన నమూనా ఇంకో దారి. అందులో ఖర్చులు కొనుగోళ్లు, జీతభత్యాలు, వడ్డీ, తరుగుదల అంటూ స్వభావాన్ని బట్టి వుంటవి. ఏది కదిలేదో, ఏది కదలనిదో చెప్పవు. చిన్న దుకాణదారుకు ఇంకొక వెసులుబాటు కద్దు. ఏడాది అమ్మకం రెండు కోట్లకు లోపు వుంటే, అమ్మకంలో నూటికి ఎనిమిది, బ్యాంకు ద్వారా వచ్చిన దానిలో ఆరు, లాభమని ఒప్పుకుంటే ఆదాయపు పన్నువారు పుస్తకాలు అడగరు. మంచిదే. మన ఊహా దుకాణానికి సీజను నెలలో కూడా మిగిలింది నూటికి నాలుగే. పన్నువారు అడగలేదని ఇంట్లో కూడా పుస్తకం వ్రాయటం మానేసిన దుకాణదారుకు తాను ఆరు సంపాదించాడో, నాలుగు సంపాదించాడో ఎన్నటికీ తెలియదు.

పన్నెండు నెలల పద్దు

ఖర్చులను రెండుగా విడదీయటం చెప్పినంత తేలిక కాదు. కరెంటు బిల్లులో మీటరు చార్జీ కొంత కదలదు, వేసవి పంకాలు కొంత కదులుతవి. గుమాస్తా జీతం ఈ నెలకు కదలదు. గిరాకీ రెట్టింపు అయితే మూడవ గుమాస్తా కావాలి, అప్పుడు ఒక్కసారిగా ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. అనుమానం వచ్చిన పద్దును "వచ్చే నెల అమ్మకం సగమైతే ఇది తగ్గుతుందా?" అని అడగండి. తగ్గితే ఒక వైపు, తగ్గకపోతే ఇంకొక వైపు. పైసా తేడా రావచ్చు గాని పెద్ద మోసం వుండదు.

ఇప్పుడు ఏడాది చూద్దాం. అయిదు నెలలు సీజను, నెలకు ఆరు లక్షలు. ఏడు నెలలు వట్టివి, నెలకు నాలుగు లక్షలు. మిగులు మొదటి అయిదు నెలలలో 4,20,000, తరువాత ఏడు నెలలలో 3,92,000. మొత్తం 8,12,000. తప్పని ఖర్చు ఏడాదికి 7,20,000. లాభం 92,000 రూపాయలు.

ఆ అంకె దగ్గర కాస్త ఆగండి. అదే దుకాణంలో ఒక్క గుమాస్తా ఏడాది జీతం 1,80,000. పొద్దున తాళం తీసేది యజమాని, రాత్రి తాళం వేసేది యజమాని, మధ్యాహ్నం అతను భోజనానికి పోతే గల్లా దగ్గర కూర్చునేది అతని భార్య. ఇద్దరి కష్టానికీ కలిపి వచ్చింది గుమాస్తా జీతంలో సగం కంటే కొద్దిగా ఎక్కువ. రెండు పట్టికలలోనూ వీరి కూలి ఎక్కడా లేదు. మడిగె సొంతమైతే కిరాయి కూడా వుండదు. అప్పుడు లాభం లావుగా కనిపిస్తుంది, ఇతరులకు ఇస్తే వచ్చే కిరాయి మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. ఇంటి మనుషుల కూలినీ, సొంత మడిగె కిరాయినీ పెన్సిలుతోనైనా పక్కన వ్రాసుకోవటం మంచిదని నా అభిప్రాయం.

చెరుకు డబ్బు రాక సీజను అమ్మకం నెలకు అయిదు లక్షలకు దిగిందనుకోండి. ఆ అయిదు నెలల మిగులు 3,50,000 అవుతుంది. ఏడాది మొత్తం 7,42,000. తప్పని ఖర్చు పోగా మిగిలేది 22,000. దుకాణం ఇంకా నష్టంలో పడలేదు, ఒడ్డు మీదనే వున్నది. ఈ లోగా కిరాయి పత్రం గడువు తీరింది. మడిగె యజమాని వచ్చి, "నెలకు రెండు వేలు పెంచాలి" అన్నాడు. రెండు వేలే గదా అనిపిస్తుంది. ఏడాదికి 24,000. లాభం 22,000 పోయి, పైన 2,000 అప్పు.

స్థిర ఖర్చు అని మనం పేరు పెట్టిన కిరాయి నిజంగా కదిలే రోజు ఏడాదిలో అదొక్కటే. ఆ రోజు దుకాణదారు మాట్లాడవలసిన మాటలకు ఆధారం పట్టికలోనే వున్నది. నెలకు వెయ్యి పెంపుకు ఒప్పుకుంటే 10,000 మిగులుతుంది. పెంచకుండా పాత కిరాయికే నిలబెడితే 22,000. రెండు వేలు పెంచక తప్పదంటే, దాన్ని పూడ్చటానికి నెలకు అదనంగా సుమారు 14,300 రూపాయల సరుకు అమ్మాలి. అంటే రోజుకు అయిదు వందల లోపు. ఎదురుగా కూర్చున్న మడిగె యజమానితో బేరం మొదలుపెట్టే ముందు, బోధను బజారులో ఆ అయిదు వందలు ఎవరు కొంటారో భార్యాభర్తలిద్దరూ ఆ రాత్రే ఆలోచించుకోవాలి.